అమెరికాలో అడవి ఉన్న భూమి కొన్నారా? చెట్టు ముట్టకముందే ప్లాన్ రాయించుకోండి

రాలీ, షార్లెట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ, ఇల్లు కొని కుదురుకున్నాక గంట గంటన్నర దూరంలో ఇరవై ముప్పై ఎకరాలు కొనుక్కునే తెలుగువాళ్లు ఉన్నారు. నేనూ అలా కొన్నవాడినే. నార్త్ కరోలినా మధ్య భాగంలో ఆ ధరకు దొరికేది ఎక్కువగా అడవే. లోబ్లాలీ పైన్, ఓక్, హికరీ, ట్యులిప్ పోప్లర్, మధ్యలో ఒక చిన్న వాగు. కొన్నాక దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు.

రెండో ఏడాది చెట్లు కొనే వ్యాపారి ఒకాయన వచ్చాడు. "పెద్దవి మాత్రమే తీసుకెళ్తాం, చిన్నవి మీకు పెరుగుతాయి" అన్నాడు. సబబుగానే అనిపించి ఒప్పుకున్నాను. పోయినవన్నీ వైట్ ఓక్‌లు. తర్వాత వచ్చిన ఫారెస్టర్ (అడవి పెంపకంలో నిపుణుడు) ఆ మొద్దుల మీద వలయాలు లెక్కపెట్టి చూపించారు. నేను చిన్నవి అనుకున్న చెట్లలో చాలావాటికి వాటితో సమానమైన వయసే ఉంది. ఎండ కోసం పోటీలో ఓడి అలా ఉండిపోయాయి. విత్తనం గింజలు అమ్ముకుని తాలు దాచుకున్నట్టయింది నా పని. ఇందులో మోసం ఏమీ లేదు, నాకు ప్లాన్ లేదు, అంతే.

ఆ ప్లాన్‌ను ఇక్కడ ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ ప్లాన్ అంటారు. 1990లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో ఈ కార్యక్రమం వచ్చింది. డబ్బు, నియమాలు కేంద్ర అటవీ శాఖవి, పని చేయించేది రాష్ట్ర అటవీ శాఖ. ఇందులో చేరడం పూర్తిగా మీ ఇష్టం. ఈ దేశపు అడవిలో సగానికి పైగా ప్రైవేటు చేతుల్లో ఉంది కాబట్టి, ఆ యజమానులు మనసు పెడితే తప్ప అడవిని కాపాడటం కుదరదన్నది దీని వెనక ఆలోచన.

మనలో చాలామందికి ఫారెస్టోళ్లు అంటే కాస్త భయం. ఊళ్లో సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ అలవాటుతో ఇక్కడ కూడా రేంజర్‌ను పిలిస్తే ఏదో ఆంక్ష మెడకు చుట్టుకుంటుందని టెన్షన్ పడతాం. నేను రెండేళ్లు పిలవకపోవడానికి కారణం అదే. ఇక్కడి కౌంటీ రేంజర్ సలహా చెప్పడానికి వస్తారు. ప్లాన్ రాయించుకున్నంత మాత్రాన అందులో ఉన్నవన్నీ చేసి తీరాలని ఎవరూ మీ వెంట పడరు.

ఈ వ్యాసంలో నార్త్ కరోలినా లెక్కలే చెబుతున్నాను. వేరే రాష్ట్రంలో ఉంటే వరస ఇదే, అంకెలు మారతాయి.

ముందు కాగితాలు, అదీ 60 రోజుల లోపు

భూమి మీ చేతికి వచ్చిన వారంలోనే ఒక ప్రశ్న అడగండి: ఇది ప్రెజెంట్ యూజ్ వాల్యూ కింద ఉందా? పీయూవీ అంటారు. ఈ పద్ధతిలో కౌంటీ పన్నును ఇళ్ల స్థలం ధర మీద కాకుండా అడవిగా దాని విలువ మీద వేస్తుంది. తేడా చాలా పెద్దది. అడవికి కనీసం 20 ఎకరాలు ఉండాలి, దాన్ని పద్ధతి ప్రకారం చూసుకుంటున్నట్టు రాతపూర్వకంగా చూపాలి. ఆ రాతే మన ప్లాన్.

మనవాళ్లు జారిపోయేది ఇక్కడే. పాత యజమాని పీయూవీలో ఉంటే, కొన్న 60 రోజుల్లో మీ పేరు మీద దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు తప్పితే, ఆ భూమిలో మీరు కాపురం ఉంటే తప్ప, నాలుగేళ్లు సొంతదారుగా ఉన్నాక గానీ మళ్లీ అర్హత రాకపోవచ్చు. పైగా అర్హత పోయిందంటే ఆ ఏడాదితో పాటు వెనకటి మూడేళ్ల మినహాయింపు పన్ను వడ్డీతో సహా కట్టాలి. కాబట్టి కొనకముందే కౌంటీ టాక్స్ ఆఫీసుకు ఒక ఫోన్ చేయండి.

నలుగురు స్నేహితులు కలిసి ఎల్ఎల్‌సీ పేరు మీద కొనే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. కంపెనీ పేరు మీద ఉన్న భూమికి పీయూవీ కావాలంటే ఆ కంపెనీ ప్రధాన వ్యాపారం వ్యవసాయమో అటవీ పెంపకమో అయి ఉండాలి. సభ్యుల మీద కూడా షరతులు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయ్యాక తెలుసుకుంటే సర్దుకోవడం కష్టం.

గ్రీన్ కార్డు రాకముందే, హెచ్1బీ మీద ఉండగా కొన్నవాళ్లకు మరో సంగతి. 1978 నుంచి ఉన్న ఒక కేంద్ర చట్టం ప్రకారం, పౌరులు గానీ శాశ్వత నివాసులు గానీ కానివాళ్లు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ–153 అనే ఫారం ఇవ్వాలి. పది ఎకరాలు దాటిన చెట్ల భూమి కూడా ఈ చట్టం దృష్టిలో వ్యవసాయ భూమే. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లవచ్చు. మీ కౌంటీకి సంబంధించిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసులో అడిగితే ఫారం ఇస్తారు.

ఆ పైన రెండు చూసుకోండి. చెట్ల హక్కును పాత యజమాని ఎవరికైనా ముందే అమ్మేశాడా (దాన్ని టింబర్ డీడ్ అంటారు, రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ దగ్గర దొరుకుతుంది). హద్దులు నేల మీద కనిపిస్తున్నాయా. హద్దు చెట్లకు ఊదా రంగు గీతలు వేసుకోవచ్చు. 2011 నుంచి ఈ రాష్ట్రంలో ఆ గీత 'అనుమతి లేకుండా వేటకు, చేపలు పట్టడానికి రావద్దు' అన్న బోర్డుతో సమానం.

తర్వాత నడక

రేంజర్‌ను పిలిచే ముందు మీరు ఒక్కరే, లేదా ఇంట్లోవాళ్లతో, కనీసం రెండు సార్లు భూమంతా నడవండి. ఆకు రాలిన జనవరి, ఫిబ్రవరి నెలలైతే హద్దులు, వాగు గట్లు, పాత మట్టి దారులు స్పష్టంగా కనిపిస్తాయి. ఇంకోసారి మే నెలలో వెళ్లండి. అప్పుడు పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లలోకి దోపిన ప్యాంటు తప్పనిసరి, పిడుదులు ఎక్కువ. నవంబరు, డిసెంబరు వేట రోజులు. నారింజ రంగు జాకెట్ లేకుండా లోపలికి వెళ్లవద్దు.

కౌంటీ జీఐఎస్ (భూముల మ్యాపుల) వెబ్‌సైట్ నుంచి మీ భూమి మ్యాపును ప్రింట్ తీసుకుని వెళ్లి, దాని మీద చేత్తోనే గుర్తులు పెట్టండి. ఎక్కడ పైన్ మాత్రమే వరసల్లో ఉంది, ఎక్కడ కలగలుపు అడవి ఉంది, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, ఎక్కడ పాత ఇంటి పునాది రాళ్లు లేదా సమాధులు ఉన్నాయి. ఈ ప్రాంతంలో పాత కుటుంబాల సమాధులు అడవి మధ్యలో కనబడటం మామూలే. వాటిని తప్పకుండా మ్యాపులో పెట్టండి.

ఇక అసలు పని. ఇంటికి వచ్చాక అందరూ కూర్చుని, ఈ భూమి నుంచి మీకు ఏం కావాలో మీ మాటల్లో రాసుకోండి. ఈ ఒక్క పేజీ బాగా రాస్తే మిగతా ప్లాన్ తేలిగ్గా నడుస్తుంది. చాలామంది "అడవిని కాపాడాలి, కాస్త ఆదాయం రావాలి" అని రాసి వదిలేస్తారు. ఆ వాక్యంతో ఏ ఫారెస్టరూ ఏమీ చేయలేరు. ఇలా రాసి చూడండి:

"వాగుకు రెండు పక్కలా చెట్టు కొట్టం. పైన్ వరసల నుంచి పదేళ్లలో ఒకసారి పన్నులకు సరిపడా డబ్బు వస్తే చాలు. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు నడవగలిగేంత చదునైన బాట ఒకటి కావాలి. పక్షులు ఎక్కువ రావాలి. పిల్లలు అమ్ముతారో ఉంచుకుంటారో తెలియదు, కాబట్టి ఇప్పుడే శాశ్వత ఒప్పందాలు వద్దు."

తర్వాత వాటికి ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం ఇవ్వండి. ఇంట్లో అభిప్రాయభేదాలు బయటపడేది ఇక్కడే, పడనివ్వండి. మా ఇంట్లో నేను కలప ఆదాయం మొదట రాస్తే, మా ఆవిడ వాగు మొదట అంది. ఆమె జాబితానే చివరికి ప్లాన్‌లోకి వెళ్లింది. వెళ్లడం మంచిదే అయింది.

ఎవరిని పిలవాలి

మూడు రకాల ఫారెస్టర్లు ఉంటారు. చొక్కా, బూట్లు ఒకేలా ఉన్నా, ఎవరి జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం ముఖ్యం.

రాష్ట్ర అటవీ శాఖ మనుషులు కౌంటీ రేంజర్, సర్వీస్ ఫారెస్టర్. ముందు వీళ్లకే ఫోన్ చేయండి. సలహాకు వస్తారు. రాతపూర్వక ప్లాన్‌కు రుసుము ఉంటే ముందే చెబుతారు.

కన్సల్టింగ్ ఫారెస్టర్ మీరు డబ్బు ఇచ్చి పెట్టుకునే మనిషి, మీ తరఫున పని చేస్తారు. కలప అమ్మే రోజు వస్తే ఈయన తప్పక ఉండాలి. కొలత వేసి, పలువురి దగ్గర సీల్డ్ బిడ్లు పిలిచి, కాంట్రాక్టు రాయించి, కొట్టేటప్పుడు దగ్గరుండి చూస్తారు. ఈ రాష్ట్రంలో ఫారెస్టర్ల రిజిస్ట్రేషన్ బోర్డు ఉంది, రిజిస్టర్డ్ ఫారెస్టర్ అవునో కాదో అడగడంలో తప్పు లేదు.

మూడో రకం మిల్లు తరఫున కలప సేకరించే ఫారెస్టర్. వీళ్లలో నిజాయితీగా మంచి సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఉచితంగానే ప్లాన్ రాసిస్తామంటారు కూడా. కానీ వాళ్ల ఉద్యోగం మిల్లుకు కలప చేర్చడం. నా దగ్గరకు వచ్చిన వ్యాపారికి ఎదురుగా మొదటి ఇద్దరిలో ఎవరో ఒకరు నా పక్కన నిలబడి ఉంటే ఆ ఓక్‌లు ఇప్పటికీ ఉండేవి.

ఫారెస్టర్ వచ్చిన రోజు

ఆ రోజు సెలవు పెట్టి అయినా వెంట నడవండి. మీరు రాసుకున్న పేజీ, గుర్తులు పెట్టిన మ్యాపు ముందే చేతికి ఇవ్వండి. వాళ్లు అడవిని 'స్టాండ్'లుగా విడదీస్తారు, అంటే ఒకే వయసు, ఒకే రకం చెట్లున్న ముక్కలు. మన ఊళ్లో ఒకే రైతు భూమిని మాగాణి, మెట్ట, చెలక అని విడదీసి చూసినట్టే. చెట్టులోకి సన్నటి గొట్టం తిప్పి పెన్సిలంత కర్ర ముక్క బయటికి లాగి, వలయాలను బట్టి వయసు, ఎదుగుదల చెబుతారు. ఎకరాకు కాండాల మొత్తం అడ్డుకోత ఎన్ని చదరపు అడుగులో కొలుస్తారు, దాన్నే బేసల్ ఏరియా అంటారు. ఈ అంకె మీకు తర్వాత చాలాసార్లు కనిపిస్తుంది. అది పెరిగేకొద్దీ చెట్లు ఇరుకున పడుతున్నాయని అర్థం. ఇరుకున పడ్డ పైన్‌లో జిగురు తగ్గి, సదరన్ పైన్ బీటిల్ అనే పురుగుకు చిక్కుతుంది. వరస పైన్‌ను సాధారణంగా 15–20 ఏళ్ల మధ్య మొదటిసారి పల్చన చేయమనేది అందుకే. పల్చన చేయడం అంటే అడవిని నరికేయడం అని నేను మొదట బాధపడ్డాను. నారుమడి పల్చన చేయకపోతే ఏమవుతుందో తెలిసిన మనకు ఇది తొందరగానే అర్థమవుతుంది.

ప్రతి ముక్క దగ్గరా ఒకే ప్రశ్న అడగండి: "ఇక్కడ పదేళ్లు ఏమీ చేయకపోతే ఏమవుతుంది?" కొన్నిచోట్ల జవాబు "ఏమీ కాదు, బాగానే ఉంటుంది" అని వస్తుంది. ఆ ముక్కలను అలాగే వదిలేయమని ప్లాన్‌లో రాయించండి. చేయకుండా ఉండటం కూడా ఒక నిర్ణయంగా కాగితం మీద ఉండాలి.

డ్రాఫ్ట్ వచ్చాక

ప్లాన్ సాధారణంగా పదేళ్లకు ఉంటుంది. అందులో మీ లక్ష్యాలు, మ్యాపు, నేల రకాలు, ప్రతి స్టాండ్ వర్ణన, ఏ ఏడాది ఏ పని అనే పట్టిక ఉండాలి. నీరు, వన్యప్రాణులు, నేల కోత, పురుగు, నిప్పు గురించి కూడా ఉండాలి.

మొదటి పేజీలో మీ లక్ష్యాలు మీ మాటల్లో ఉన్నాయా చూడండి. లేకపోతే తిప్పి పంపండి. మొహమాటం వద్దు. మా డ్రాఫ్ట్‌లో కలగలుపు అడవి ఒక ముక్కను పూర్తిగా కొట్టి పైన్ నాటమని ఉంది. లాభం లెక్కన అది సరైన సలహానే. మా మొదటి లక్ష్యం వాగు, పక్షులు అని గుర్తుచేశాక, ఆ ముక్కలో ఓక్ మొలకలకు ఎండ తగిలేలా రెడ్ మేపుల్‌ను మాత్రమే తీసే పద్ధతికి మార్చారు.

వాగు పక్కన విడిచే వెడల్పు ఎంత అని అంకెల్లో రాయించండి. భూమి న్యూస్ (Neuse) నది పరీవాహకంలో ఉంటే చాలా వాగులకు 50 అడుగుల బఫర్ నియమం ఎలాగూ వర్తిస్తుంది. అంతకంటే ఎక్కువ వదలాలనుకుంటే అది మీ ఇష్టం, కానీ ప్లాన్‌లో ఉంటేనే రేపు కలప కొట్టే మనిషి మ్యాపులోకి వస్తుంది.

డబ్బు విషయం

ప్లాన్ చేతిలో ఉంటే కొన్ని తలుపులు తెరుచుకుంటాయి. రాష్ట్రానికి ఫారెస్ట్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ ఉంది. మొక్కలు నాటడం, నేల సిద్ధం చేయడం లాంటి ఖర్చులో కొంత తిరిగి ఇస్తారు. కేంద్ర వ్యవసాయ శాఖకు ఈక్విప్ (EQIP) అనే పథకం ఉంది, కలుపు జాతుల తొలగింపు నుంచి వాగు గట్ల రక్షణ దాకా చాలావాటికి సాయం ఉంటుంది. రెండింటికీ ఒకటే హెచ్చరిక: ఆమోదం రాకముందు పని మొదలుపెడితే పైసా రాదు. మొదట మీరు ఖర్చు పెట్టాలి, తనిఖీ అయ్యాక తిరిగి వస్తుంది.

మొక్కలు తిరిగి నాటిన ఖర్చులో ఏడాదికి 10,000 డాలర్ల వరకు అదే ఏడాది పన్నులో తగ్గించుకోవచ్చు, మిగిలింది 84 నెలల మీద సర్దుకోవచ్చు. ఇది మన సీపీఏలలో చాలామంది రోజూ చూసే విషయం కాదు, మీరే గుర్తుచేయండి. ఇంకొకటి, కొన్న రోజుకు నేల విలువ ఎంత, చెట్ల విలువ ఎంత అని ఫారెస్టర్‌తో విడివిడిగా లెక్క వేయించి దాచుకోండి. రేపు చెట్లు అమ్మితే లాభం లెక్కలో ఆ చెట్ల విలువ తీసేయవచ్చు.

సంతకం పెట్టే ముందు ఎన్నేళ్లకో చూడండి

'స్వచ్ఛందం' అన్న మాట ప్రతి కాగితం మీదా ఉంటుంది. చేరే వరకే అది స్వచ్ఛందం. సంతకం అయ్యాక ఒక్కో దాని పట్టు ఒక్కోలా ఉంటుంది.

స్టీవార్డ్‌షిప్ ప్లాన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పీయూవీ నుంచి బయటికి వస్తే పైన చెప్పిన వెనకటి పన్ను పడుతుంది. ఈక్విప్ కొన్నేళ్ల కాంట్రాక్టు. కార్బన్ ఒప్పందాలు (చెట్లు కార్బన్‌ను పట్టి ఉంచేలా అడవిని నిలిపినందుకు కంపెనీ డబ్బిచ్చేవి) కంపెనీని బట్టి మారతాయి, కొన్ని ఇరవై ఏళ్లు, కొన్ని ఇంకా ఎక్కువ. మధ్యలో భూమి అమ్మితే కొన్నవాళ్లు దాన్ని మోయాలా, లేక మీరు డబ్బు తిరిగి కట్టాలా అన్న పేరా ముందు చదవండి.

కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ శాశ్వతం. భూమి మీదే ఉంటుంది, కానీ దాన్ని ప్లాట్లు చేసే హక్కును ఒక ల్యాండ్ ట్రస్టుకు (భూములను కాపాడే సంస్థకు) ఇచ్చేస్తారు. మీ పిల్లలకు, వాళ్లు అమ్మితే కొన్నవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. ఆ హక్కును దానంగా ఇస్తే, భూమి విలువ తగ్గినంత మేరకు కేంద్ర ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది: ఏడాదికి ఆదాయంలో 50 శాతం వరకు, మిగిలింది తర్వాతి 15 ఏళ్లకు. నగరం ముంచుకొస్తున్న చోట అడవి మిగలాలంటే దీనికంటే గట్టి సాధనం నాకు తెలియదు. కానీ ఐదేళ్లయినా ఆ భూమితో గడిపాక, పిల్లలతో మాట్లాడాకే వెళ్లండి.

దీని పేరు చెప్పుకుని వచ్చే ఇంకో సరుకు ఉంది. పార్టీల్లో డాక్టర్లకు, ఐటీ వాళ్లకు "ఒక డాలరు పెట్టండి, నాలుగు డాలర్ల డిడక్షన్" అని చెబుతుంటారు. ఎవరో కొన్న భూమిలో వాటా కొనడం, పెంచిన విలువ మీద మినహాయింపు తీసుకోవడం. ఇలాంటి సిండికేటెడ్ ఈజ్‌మెంట్లను ఐఆర్ఎస్ 2016లోనే నిఘా జాబితాలో పెట్టింది. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం పెట్టిన డబ్బుకు రెండున్నర రెట్లు దాటిన ఇలాంటి మినహాయింపులను చాలావరకు కొట్టేసింది. మీరు నడవని అడవిని కాపాడినట్టు పన్ను కాగితంలో రాయకండి.

అరుదైన జీవి కనబడితే భూమి చేజారిపోతుందన్న భయం ఇక్కడివాళ్లకూ ఉండేది. ఒకప్పుడు దాదాపు 9 కోట్ల ఎకరాలున్న లాంగ్‌లీఫ్ పైన్ అడవి 30 లక్షల ఎకరాల దాకా పడిపోయింది. ఆ ముసలి చెట్లలోనే గూడు తొలిచే ఒక వడ్రంగిపిట్ట, రెడ్ కాకేడెడ్ వుడ్‌పెకర్, అంతరించే జాబితాకు చేరింది. పిట్ట వస్తే ఆంక్షలు వస్తాయని కొందరు చెట్లు ముదరకముందే కొట్టేశారు. అప్పుడు 1995లో, ఇదే రాష్ట్రంలోని శాండ్‌హిల్స్ ప్రాంతంలో, సేఫ్ హార్బర్ అనే ఒప్పందం మొదలైంది. ఇప్పుడు మీ భూమిలో ఎన్ని పిట్టలున్నాయో లెక్క రాసుకుంటారు. మీరు అడవిని బాగుచేయడం వల్ల అదనంగా వచ్చిన పిట్టల కారణంగా కొత్త ఆంక్ష ఏదీ ఉండదు. యజమానులు ముందుకొచ్చారు. 2024లో ఆ పిట్ట 'అంతరించే' జాబితా నుంచి కాస్త తేలికైన 'ముప్పున్న' జాబితాకు మారింది. మీ ప్లాన్‌లో అరుదైన జాతి పేరు ఏదైనా కనబడితే కంగారుపడకుండా, దానికి ఇలాంటి ఒప్పందం ఉందా అని అడగండి.

మొదటి ఏడాది

పట్టికలో పది పనులు ఉన్నా మొదటి ఏడాది రెండే పెట్టుకోండి. మా ప్రాంతంలో ఒకటి ఎలాగూ బయటి జాతుల తొలగింపే అవుతుంది. ట్రీ ఆఫ్ హెవెన్ అనే చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోండి. మన పెద్దమానుకు దగ్గరి బంధువు, ఆకు అమరిక చూస్తే మీకే తెలుస్తుంది. స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగుకు అది ఇష్టమైన చెట్టు. ఆ పురుగు 2022లో ఈ రాష్ట్రంలో ఫోర్సైత్ కౌంటీలో మొదటిసారి దొరికింది. ఆ చెట్టును రంపంతో కొట్టేస్తే వేరు నుంచి పదింతలు లేస్తుంది. జులై నుంచి ఆకు రంగు మారేలోపు, కాండం మీద గాట్లు పెట్టి మందు పోసే పద్ధతిని రేంజర్‌తో చూపించుకుని చేయండి.

పనులన్నీ ఒక నోటుబుక్కులో తేదీలతో రాయండి. ఒకే చోట నిలబడి ఏటా ఒకే నెలలో ఫోటో తీయండి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను పశ్చిమ నార్త్ కరోలినాలో 8 లక్షల ఎకరాలకు పైగా అడవిని దెబ్బతీసింది. అలాంటిది వస్తే నష్టం చూపించడానికి ముందటి ఫోటో, ముందటి కొలత ఉండాలి. తుపాను తర్వాత, పెద్ద ఎండ తర్వాత, కలప అమ్మాక ప్లాన్‌ను మళ్లీ తెరిచి ఫారెస్టర్‌తో కూర్చోండి.

ప్లాన్ కాపీలు మూడు తీయండి. ఒకటి పీయూవీ కోసం కౌంటీ టాక్స్ ఆఫీసుకు, ఒకటి వీలునామా పక్కన పెట్టెలో. మూడోది ప్లాస్టిక్ కవరులో పెట్టి కారులో ఉంచండి, అడవికి వెళ్లినప్పుడల్లా అది చేతిలో ఉండాలి. మా కాపీ మీద మా అమ్మాయి ఓక్ మొలకల లెక్క పెన్సిలుతో రాస్తుంది. పాత మొద్దుల చుట్టూ మొదటి ఏడాది పద్నాలుగు. జింకలు తినకుండా వాటికి గొట్టాలు తొడిగాం. ఈ మార్చిలో మళ్లీ లెక్కపెట్టాలి.